ముప్పై ఏళ్ల చెట్టు, ఒక్క రాత్రి నోటిఫికేషన్: వాణిజ్య స్థాయీ సంఘానికి బహిరంగ లేఖ

పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) చైర్‌పర్సన్ గారికి, సభ్యులకు, ఉభయ సభల్లో ఉన్న మన రెండు తెలుగు రాష్ట్రాల అరవై మంది ఎంపీలకు,

నమస్కారం.

నాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, దమ్మపేట వైపు. ఎనిమిది ఎకరాల పామాయిల్ తోట ఉంది. ఎకరానికి 57 మొక్కల లెక్కన 2018 వానాకాలంలో 456 మొక్కలు పెట్టాను. పెట్టిన నాలుగో ఏడు గానీ గెల చేతికి రాదు. కాపు మొదలైతే మాత్రం పాతికేళ్లు దాటి కాస్తుంది. మా అబ్బాయి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడి పిల్లలు బడికి వెళ్లేనాటికి కూడా ఈ చెట్లు ఇక్కడే ఉంటాయి. వరి వేసినాయన ధర నచ్చకపోతే వచ్చే పంటకు మొక్కజొన్నకు మారతాడు. మాకు ఆ వీల్లేదు. మొక్క పెట్టిన రోజే ముప్పై ఏళ్లకు కట్టుబడిపోయాం.

మా పంట ధరను కిందా మీదా చేసే దిగుమతి సుంకం మాత్రం ఒక్క రాత్రిలో మారిపోతుంది. పొద్దున ఫోన్‌లో వార్త చూసుకుంటే గానీ మాకు తెలియదు. దీని గురించి 2025 జూన్‌లో ఢిల్లీలోని ఒక కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే ‘ఈ విషయం మా శాఖకు సంబంధించింది కాదు’ అని మూసేశారు. ఏ శాఖకు సంబంధించిందో రాయలేదు. మూడోసారి రాస్తే ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ పంపమన్నారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను.

2021 ఆగస్టులో కేంద్రం వంటనూనెల జాతీయ మిషన్ కింద పామాయిల్‌కు 11,040 కోట్లు ప్రకటించింది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది, మీరు పామాయిల్ వేయండి, మేమున్నాం అన్నారు. 2022 మేలో గెలల ధర టన్నుకు 22 వేలు దాటింది. ఇండోనేషియా అప్పట్లో కొన్నాళ్లు ఎగుమతులు ఆపేసింది, ఉక్రెయిన్ యుద్ధం వల్ల పొద్దుతిరుగుడు నూనె రావడం తగ్గింది. మా పక్క చేను ఆయన ఆ ధర చూసే నాలుగెకరాల వరి మడి తీసేసి మొక్కలు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి ధర 13 వేల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ రోజుల్లో ముడి పామాయిల్ మీద మూల సుంకం సున్నా. ఒకవైపు మొక్కలు పెట్టమని సబ్సిడీ ఇస్తూ, ఇంకోవైపు బయటి నూనెకు గేటు బార్లా తెరిచారన్నమాట.

2024 సెప్టెంబర్ 14 నుంచి ఆ మూల సుంకాన్ని 20 శాతానికి పెంచారు. సెస్సులన్నీ కలిపితే 27.5. గెలల ధర 14 వేల చిల్లర నుంచి 17 వేలకు వెళ్లింది, తర్వాత ఇంకా పెరిగింది. మాకు ఊపిరి వచ్చింది. ఇంకా తొమ్మిది నెలలు కూడా నిండలేదు, 2025 మే 30న ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. 20 కాస్తా 10 అయింది. అన్నీ కలిపి 16.5. ధర మళ్లీ దిగింది.

దిగిందంతా సుంకం వల్లే అని నేను అనను. మలేషియా మార్కెట్ కదిలితే మా ఊళ్లో గెల కదులుతుంది, అది మాకూ తెలుసు. నూనె ధర పెరిగితే పట్నంలో కూలి చేసుకునేవాళ్లకు ఎంత కష్టమో కూడా తెలుసు. పామాయిల్ పండించే ఇంట్లోనూ నూనె ప్యాకెట్ కొట్టు నుంచే వస్తుంది మరి. సుంకం తగ్గించడమే తప్పని వాదించడానికి ఈ లేఖ రాయడం లేదు. తగ్గించే ముందు ఎవరు ఎవరిని అడిగారన్నదే నా ప్రశ్న.

ఎవరినీ అడగలేదని కూడా కాదు. శుద్ధి చేసిన నూనె మీద సుంకాన్ని అప్పుడు ముట్టుకోలేదు, 35.75 దగ్గరే ఉంచారు. ముడి నూనె మీద తగ్గించారు కాబట్టి రెంటి మధ్య తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. ఆ తేడా పెంచమని రిఫైనరీల సంఘాలు ఎప్పటి నుంచో అడుగుతున్నాయి. అడగడం వాళ్ల హక్కు, తప్పేం లేదు. వాళ్ల మాట చేరింది. మా మాట చేరలేదు. ఎవరు ఏం చెప్పారో, సర్కారు ఏం లెక్క వేసుకుందో రాసి ఉన్న కాగితం ఒక్కటైనా ఏ స్థాయీ సంఘం ముందుకైనా వచ్చిందా? వచ్చి ఉంటే దయచేసి మాకు చూపించండి.

ఇక గుమ్మాల సంగతి. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో వాణిజ్య ఒప్పందం మీ వాణిజ్య శాఖది. సుంకం నోటిఫికేషన్ ఆర్థిక శాఖది. వంటనూనెల ధరలు, నిల్వలు చూసేది ఆహార శాఖ. పామాయిల్ మిషన్ వ్యవసాయ శాఖది. నాలుగు శాఖలకు నాలుగు స్థాయీ సంఘాలు. చెట్టు ఒక్కటే. పార్లమెంటులో ఇలాంటి సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కో దాంట్లో 31 మంది ఉంటారు. 1993లో ఇవి పెట్టిందే సభలో సాగని లోతైన పరిశీలన ఇక్కడ సాగాలని. కానీ నాలుగు సంఘాల మధ్య పడ్డ పంటను ఏ సంఘమూ పూర్తిగా చూడదు. ఎవరి ముక్క వాళ్లు చూసి లేస్తారు. మా ఊళ్లో నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి బావి ఇలాగే పూడిపోయింది.

చట్టం ఏం చెబుతోందో నాకు అర్థమైనంతలో చెప్తాను, తప్పుంటే దిద్దండి. నేను బీకాం చదివినవాణ్ణి, లాయర్ని కాను. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా 14వ అంశం వ్యవసాయం. అదే షెడ్యూల్లో కేంద్ర జాబితా 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు. ఒకే అంకె పక్కపక్కన రెండు జాబితాల్లో ఉండటం చూసి నాకు నవ్వొచ్చింది. ఈ రెండు పద్నాలుగులు ఢీకొంటే గెలిచేది కేంద్రమే. ఒప్పందం అమలు కోసం పార్లమెంటు ఏ అంశం మీదైనా చట్టం చేయొచ్చని 253వ అధికరణ చెబుతోంది. బాగుంది, పార్లమెంటు చేస్తే పార్లమెంటులో చర్చ ఉంటుంది. కానీ వాణిజ్య ఒప్పందానికి అసలు బిల్లే రాదు. 73వ అధికరణ ప్రకారం ప్రభుత్వం సంతకం పెట్టేస్తుంది. 1962 నాటి కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇచ్చి సుంకం మార్చేస్తుంది. ఆ నోటిఫికేషన్‌ను తర్వాత ఉభయ సభల బల్ల మీద పెట్టాలని అదే చట్టంలో ఉంది. పెడతారు కూడా. అప్పటికే కాకినాడలో ఓడ దిగి ఉంటుంది.

2009 ఆగస్టు 13న ఆసియాన్ ఒప్పందం మీద సంతకాలు ఇలాగే జరిగాయి. అంతకుముందు ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర మన దేశానికి పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు ఉంది. ఆ ఒప్పందంతో ముడి పామాయిల్ మీద పరిమితిని ఏటా కొంచెం తగ్గిస్తూ పదేళ్లలో 37.5కి దించడానికి ఒప్పుకున్నాం. మనకొచ్చే పామాయిల్‌లో సింహభాగం ఇండోనేషియా, మలేషియాలదే, రెండూ ఆసియాన్ దేశాలే. కాబట్టి ఆ 300 ఇక కాగితం మీద అంకె మాత్రమే. లోక్‌సభలో ఓటింగ్ లేదు, రాజ్యసభలో లేదు. మిరియాలు, కొబ్బరి ఏమైపోతాయోనని కేరళలో ఆ అక్టోబర్ 2న జనం రోడ్డెక్కి మానవహారం కట్టారు. మన దగ్గర ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు నాకు గుర్తు లేదు, నాతో సహా.

భూమి సంగతైతే వేరు. బెరుబారి కేసులో 1960లో సుప్రీంకోర్టు, దేశం భూమిని వేరే దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని చెప్పింది. బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఒప్పందం బిల్లు విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘానికి వెళ్లింది, వాళ్లు విచారించి నివేదిక ఇచ్చారు, 2015లో నూరో సవరణగా పాసైంది. మంచి పద్ధతి. మరి చేను మన దగ్గరే ఉండి, చేని మీద వచ్చే రాబడి బయటికి పోయే నిర్ణయానికి ఒక సంతకం చాలా?

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారో చూద్దాం. మనం 2022 ఏప్రిల్ 2న ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం చేసుకున్నాం. అక్కడ 1996 నుంచి ఒప్పందాల కోసమే ఉభయ సభల సంయుక్త సంఘం ఒకటి ఉంది. ఒప్పందంతో పాటు దాని వల్ల దేశానికి లాభమేంటో, భారమేంటో రాసిన పత్రం పార్లమెంటులో పెట్టాలి. ఆ సంఘం బహిరంగ విచారణ చేస్తుంది, రైతైనా, యూనియనైనా, మామూలు మనిషైనా రాసి పంపొచ్చు. అదంతా అయ్యాక నవంబర్‌లో వాళ్ల పార్లమెంటు అమలు బిల్లులు పాస్ చేసింది, డిసెంబర్ 29 నుంచి ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒకే ఒప్పందం, రెండు దేశాలు. మన దగ్గర పార్లమెంటు ఓటు అవసరమే పడలేదు.

2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2010 నాటి వాళ్ల చట్టం ప్రకారం ఒప్పందం పార్లమెంటు ముందు 21 పనిదినాలు ఉండాలి, ఈలోగా వాళ్ల దిగువ సభ కామన్స్ అభ్యంతరం చెబితే అది ఆగుతుంది. వాళ్ల వ్యవసాయ ప్రమాణాల మీద ప్రభావం చూడటానికి విడిగా ఒక కమిషన్ కూడా ఉంది. మన దేశం నుంచి వెళ్లే సరుకు వల్ల అక్కడి సాగు ప్రమాణాలకు ఏమవుతుందో అక్కడ కూర్చుని చూసే ఏర్పాటు ఉంది. ఇక్కడి రైతు గురించి ఇక్కడెవరు చూడాలి?

అమెరికాలో ట్రీటీ ఖరారు కావాలంటే సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, పెద్ద వాణిజ్య ఒప్పందాలకైతే మామూలుగా ఉభయ సభలూ మెజారిటీతో అమలు బిల్లు పాస్ చేయాలి. వాణిజ్య ప్రతినిధిగా ఎవరిని పెట్టినా ముందు సెనేట్ ఆర్థిక సంఘం ఎదుట కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అక్కడ అంతా సవ్యమని అనుకోవడం లేదు. 2025లో వాళ్ల అధ్యక్షుడు ఎమర్జెన్సీ చట్టం పేరు చెప్పి కాంగ్రెస్‌ను పక్కనపెట్టి సుంకాలు వేశాడు. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం పడితే భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర ధరలు కుప్పకూలాయి. అక్కడి చట్టసభను దాటేసి తీసుకున్న నిర్ణయం ఇక్కడి చెరువు గట్టు మీద తేలింది. సంఘాలు ఉండటమే కాదు, వాటిని దాటకుండా చూసుకోవాలని కూడా దీన్నిబట్టి తెలుస్తోంది.

మన దగ్గర సంఘాలకు బిల్లులు పంపడమే తగ్గిపోయింది. 15వ లోక్‌సభలో పది బిల్లుల్లో ఏడు సంఘాలకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో పదికి రెండు కూడా వెళ్లలేదు. 2020 సాగు చట్టాలు మూడూ సంఘానికి వెళ్లకుండానే పాసయ్యాయి. ఏడాది పైగా రైతులు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చున్నాక 2021లో రద్దయ్యాయి. పది రోజులు సంఘంలో విని ఉంటే ఆ ఏడాది తప్పేదేమో.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో మా ఊరి లెక్కలోనే చెప్తాను.

1. నాకు ఏడాదికి ఎకరానికి ఏడు టన్నుల చొప్పున 56 టన్నులు వస్తాయనుకోండి. టన్నుకు వెయ్యి తగ్గితే 56 వేలు పోయినట్టు. నాలుగు వేలు తగ్గితే రెండు లక్షల పైమాట. ఎరువుల బిల్లు, డ్రిప్ రిపేర్లు, బ్యాంకు వడ్డీ మాత్రం తగ్గవు.

2. గెలలు కోసేవాళ్లకు టన్నుకింత అని కూలి ఇస్తాం. ధర పడితే రైతు మొదట కోత ఆలస్యం చేస్తాడు, తర్వాత కూలి బేరమాడతాడు. పది, పదిహేను రోజులకోసారి కోయాల్సిన గెల ముదిరి రాలిపోతుంది. పొడవాటి కర్రకు కత్తి కట్టి మెడలు పడిపోయేలా పైకి చూస్తూ కోసే కుర్రాళ్లకు సుంకం అంటే ఏంటో తెలియదు. దాని దెబ్బ మొదట తగిలేది వాళ్లకే.

3. కౌలుకు తీసుకున్నవాళ్లు ఈ పంట జోలికి రాలేరు. సొంత భూమి ఉన్న చిన్న రైతు కూడా నాలుగేళ్లు అప్పు మీద ఆగి, కాపు వచ్చే వేళకు ధర పోతే తట్టుకోలేడు. నేను పైన చెప్పిన పక్క చేను ఆయనకు ఈ మధ్యే కాపు మొదలైంది. వరి మడి తీసేసినందుకు ఇంట్లో ఇప్పటికీ మాట పడుతున్నాడు.

4. మిషన్‌లో ధర పడితే తేడా చెల్లించే పథకం ఉంది, ఐదేళ్ల ముడి నూనె సగటు ధరలో 14.3 శాతం అనే సూత్రంతో. ఆ సూత్రం ఎలా వచ్చింది, మన దగ్గర గెలలో దిగే నూనె శాతానికి సరిపోతుందా అని రైతుల ఎదుట ఎవరూ వివరించలేదు. టెన్షన్ పడేది మేము, లెక్క కట్టేది ఇంకెవరో.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతున్నాను.

1. ఆసియాన్ ఒప్పందాన్ని సరిదిద్దే చర్చలు 2023 నుంచి నడుస్తున్నాయి. కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు పామాయిల్, కొబ్బరి, మిరియాలు, కాఫీ రైతుల మీద దాని ప్రభావం ఎంతో రాసిన నివేదికను మీ సంఘం వాణిజ్య శాఖ నుంచి తెప్పించుకోవాలి. దాన్ని బయటపెట్టి, జనం అభిప్రాయాలకు కనీసం 60 రోజులు ఇవ్వాలి. పేపర్లో ప్రకటన వేసి పదిహేను రోజుల గడువు పెడితే మా ఊరికి ఆ వార్త చేరేసరికే గడువు తీరిపోతుంది.

బేరసారాలు రహస్యంగా జరగాలి, ముందే చెప్తే అవతలివాడికి మన ముక్కలు తెలిసిపోతాయి అంటారు. మేం పేక ముక్కలు చూపించమనడం లేదు. పందెంలో పెట్టిన డబ్బు ఎవరి జేబులోదో చెప్పమంటున్నాం.

2. ఏళ్ల తరబడి నిలిచే చెట్టు పంటల మీద దిగుమతి సుంకం మార్చినప్పుడల్లా, ఎందుకు మార్చారు, ఎవరు అడిగారు, రైతుకు ఎంత, వినియోగదారుడికి ఎంత అని ఆర్థిక శాఖ రెండు పేజీలైనా రాసి వారం లోపల ఇవ్వాలి. దాన్ని నాలుగు సంఘాలు ఒకేచోట కూర్చుని చూడాలి. ఇంత అత్యవసరమా అంటే, నోటిఫికేషన్ రాత్రికి రాత్రి ఇవ్వగలిగినవాళ్లు వారంలో రెండు పేజీలు రాయలేరా?

3. మా అభ్యర్థనలు తెలుగులో తీసుకోవాలి. 350వ అధికరణ ప్రకారం తన బాధను కేంద్రంలోని ఏ అధికారికైనా దేశంలో గానీ తన రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా చెప్పుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. లోక్‌సభలో ఎంపీ తెలుగులో మాట్లాడితే వెంటనే అనువాదం చేస్తున్నారు. రైతు కాగితానికి ఎందుకు చేయరు?

4. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ చైర్మన్‌ను, పెద్ద వాణిజ్య ఒప్పందాల్లో మన తరఫున బేరమాడే ముఖ్య అధికారిని పదవిలోకి తీసుకునే ముందు సంబంధిత సంఘం పిలిచి మాట్లాడాలి. వద్దనే అధికారం సంఘానికి ఇవ్వమనడం లేదు. ప్రశ్నలు అడగండి, జవాబులు రికార్డు చేయండి, అంతే. ఇప్పుడైతే నియామకం ఉత్తర్వు వచ్చాకే పేరు తెలుస్తుంది.

5. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే, ఒప్పందాలు చేసుకునే పద్ధతి మీద పార్లమెంటు చట్టం చేయాలని, వాటిని చూడటానికి ఒక పార్లమెంటరీ సంఘం ఉండాలని చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిపోయింది. అన్ని పార్టీల ప్రభుత్వాలూ వచ్చి వెళ్లాయి, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ సిఫార్సు మీద మీ సంఘం ఒక నివేదిక ఇవ్వాలి. మీ సంఘం గడువు ఏడాదే, తర్వాత సభ్యులు మారతారని తెలుసు. అందుకే ఈ సెషన్లోనే మొదలుపెట్టండి.

6. స్థాయీ సంఘాలు అధ్యయన యాత్రలకు వెళ్తుంటాయి. ఈసారి అశ్వారావుపేట, దమ్మపేట రండి. హోటల్ మీటింగ్ హాల్లో కాకుండా తోటలో కూర్చుందాం. కోసేవాళ్లు, ట్రాక్టర్ వాళ్లు, ఫ్యాక్టరీ గేటు దగ్గర తూకం కోసం రాత్రిళ్లు లైన్లో ఆగేవాళ్లు అక్కడే దొరుకుతారు. మా తోటల్లో ఏడాది పొడవునా ఏదో ఒక మూల కోత నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఏ నెలలో వచ్చినా పర్లేదు.

తెలుగు ఎంపీలకు విడిగా ఒక మాట. పార్టీలు వేరైనా మీలో సగం మందికి పైగా రైతుబిడ్డలమని చెప్పుకుంటారు. మీలో ఏ ఒక్కరైనా లోక్‌సభలో ప్రజా సమస్యలు లేవనెత్తే 377వ నిబంధన కింద గానీ, జీరో అవర్‌లో గానీ, 2025 మే 30 నాటి నిర్ణయానికి ముందు వ్యవసాయ శాఖ అభిప్రాయం అడిగారా లేదా అన్న ఒక్క ప్రశ్న వేయండి. జవాబు అవుననో కాదనో రావాలి, ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని కాదు.

ఈ లేఖ ప్రతులు మీ అరవై మందికీ, నాలుగు స్థాయీ సంఘాల కార్యాలయాలకూ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. తెలుగులోనే పంపుతున్నాను. అరవై రోజులు చూస్తాను. ఆలోగా ఎవరి దగ్గర నుంచి ఏ జవాబు వచ్చినా, మీరు వద్దనకపోతే, మా మండలం పామాయిల్ రైతులందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పామాయిల్ రైతు
దమ్మపేట మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా